లాయరు కాదు, గుమాస్తా కాదు: లీగల్ ఎయిడ్ ఆఫీసులో కొత్తగా చేరిన ఈ అమ్మాయి పనేంటి?

ఈ ఎపిసోడ్‌లో మీకు ఒక మనిషిని పరిచయం చేయాలి. కానీ పేరు చెప్పను, ముఖం చూపించను, సంస్థ పేరు కూడా చెప్పను. థంబ్‌నెయిల్‌లో ఒక టేబుల్, నాలుగు ఫైళ్ళు తప్ప ఏం లేవు, చూసే ఉంటారు. ఎందుకంటే సత్తెనపల్లి లాంటి ఊళ్ళో విత్తనాల షాపాయన, అప్పిచ్చినాయన, పొలం కౌలుకిచ్చినాయన, వాళ్ళ మీద కేసు వేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాయన, అందరూ ఒకే సెంటర్లో టీ తాగుతారు. ఈమె స్కూటీ ఎవరింటి ముందు ఆగిందో తెలిస్తే చాలు, ఆ ఇంట్లో ఏదో కేసు నడుస్తోందని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోద్ది.

రెండు నెలల క్రితం ఇక్కడ ఉచిత న్యాయ సహాయం చేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఆమె చేరింది. పోస్టు పేరు పారాలీగల్. ఈ మాట చెప్తే మా ఫ్రెండ్ ఒకడు "అంటే సగం లాయరా?" అన్నాడు. కాదు. లా చదవలేదు, నల్లకోటు వేసుకోదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం కోర్టులో వాదించడం వృత్తిగా చేసే హక్కు ఎన్‌రోల్ అయిన అడ్వకేట్లకే ఉంది. అలాగని ఫైళ్ళు మోసే గుమాస్తా కూడా కాదు. మరేం చేస్తుందో చూద్దామని ఒక పూట కెమెరా పక్కన పెట్టి వాళ్ళ ఆఫీసులో కూర్చున్నా. వచ్చినవాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటేనే కూర్చున్నా. గుర్తుపట్టే వివరాలు తీసేసి చెప్తున్నా.

ముందు ఆమె సంగతి. ఇక్కడికి దగ్గర్లో పల్లె. బీకాం. వాళ్ళమ్మ మిరప కోతలకి వెళ్తుంది. ఈ ఉద్యోగానికి ముందు నాలుగేళ్ళు మీసేవా కౌంటర్లో కూర్చుంది. "లా చదివినవాళ్ళు ఎవరూ అప్లై చేయలేదా మేడమ్?" అని సంస్థ నడిపే ఆవిడని అడిగా. చేశారంట. "చట్టం మేం నేర్పగలం బాబూ. అడంగల్ చూడటం, ముసలమ్మ చెప్పేది చివరిదాకా వినడం మేం నేర్పలేం" అన్నారు.

పదకొండింటికి ఒక పెద్దాయన వచ్చాడు. పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో ఎరువుల షాపు కవరు, దాన్నిండా కాగితాలు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. "ఏందమ్మాయ్, లాయరుగారు లేరా?"

"వస్తారు బాబాయ్. ఈలోపు నాకు చెప్పండి."

ఆయన పదేళ్ళ కిందటి నుంచి మొదలుపెట్టాడు. అన్నదమ్ముల పంపకం, పడని బోరు, కూతురి పెళ్ళి, మిరపకి నల్లతామర వచ్చి పూత మొత్తం పోయిన సంవత్సరం. నేనైతే ఐదో నిమిషంలో "అసలు సమస్య ఏంటండీ" అనేవాణ్ణి. ఆమె అనలేదు. వింటూ ఒక కాగితం మీద తేదీలు మాత్రం రాసుకుంది. ఆయన మాట అయిపోయాక అడిగింది, "కోర్టు కాగితం ఎప్పుడు అందింది బాబాయ్? ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు?"

అప్పటిదాకా కోర్టు కాగితం అన్న మాటే ఆయన నోటి నుంచి రాలేదు. కవర్లోనుంచి తొంగి చూస్తోంటే ఆమె చూసిందంతే. ప్రాంసరీ నోటు మీద అప్పిచ్చినాయన దావా వేశాడు, దాని సమన్లు అవి. అందింది పంతొమ్మిది రోజుల క్రితం. కోర్టుకెళ్తే అట్నుంచి అటే జైలుకి తీసుకెళ్తారేమోనని భయపడి ఈయన దాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే ఇది మీ ఇంట్లో కూడా జరగొచ్చు. అప్పు డబ్బుల కోసం వేసేది సివిల్ దావా. సమన్లు అంటే అరెస్టు కాదు, "నీ మీద ఫలానా ఆయన ఇలా అంటున్నాడు, నువ్వేమంటావు" అని కోర్టు అడగడం. దానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వడానికి మామూలుగా 30 రోజులు. సరైన కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. వెళ్ళకుండా ఊరుకుంటే ఎక్స్‌పార్టీ అంటారు, అవతలాయన చెప్పిందే విని తీర్పు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆస్తి జప్తు దాకా పోవచ్చు. అంటే భయపడి దాచేసిన కాగితమే ఆయన భయపడినదాన్ని ఇంటికి తెస్తుంది.

ఆమె కాగితం మీద "ఇంకా 11 రోజులు" అని రాసి చుట్టూ గీత గీసింది. తర్వాత సమన్లతో పాటు వచ్చిన నోటు కాపీ తిరగేసింది. వెనక ఒక చెల్లు ఉంది. చెల్లు అంటే, అప్పులో ఇంత కట్టానని నోటు వెనక రాసి సంతకం పెట్టడం. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు 3 ఏళ్ళు. మధ్యలో చెల్లు పడితే ఆ తేదీ నుంచి మళ్ళీ కొత్తగా 3 ఏళ్ళు లెక్క. "బాబాయ్, ఈ రోజున మీరు డబ్బు కట్టారా? ఈ సంతకం మీదేనా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను కట్టలా. ఇది నాది కాదమ్మాయ్."

ఆ చెల్లు నిజం కాదని తేలితే దావా గడువు దాటిపోయినట్టే. తేలుతుందా లేదా అన్నది కోర్టు చూసుకుంటుంది, నాకు తెలీదు, ఆమెకీ తెలీదు. ఆమె ఆయనతో "మీరు గెలుస్తారు" అనలేదు, గమనించండి. లాయరుకి ఫోన్ చేసి మూడే ముక్కలు చెప్పింది: సమన్లు అందిన తేదీ, నోటు తేదీ, చెల్లు తేదీ, సంతకం తనది కాదంటున్నారు అని. సరే, నాలుగు ముక్కలు. జవాబు గడువులోపే దాఖలైందని తర్వాత తెలిసింది.

నేను మూడేళ్ళు టెస్టింగ్‌లో పనిచేశా. అక్కడ కస్టమర్ ఫోన్ చేసి "మీ యాప్ పనిచేయట్లా" అంటాడు. అది డెవలపర్‌కి చెప్తే ఏం ప్రయోజనం లేదు. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏ బటన్ నొక్కితే, ఎన్ని గంటలకి, ఇవన్నీ రాబట్టి టికెట్ రాస్తేనే కోడ్ రాసేవాడు దాన్ని ముట్టుకుంటాడు. పెద్దాయన చెప్పింది జీవితం. కోర్టుకి కావాల్సింది తేదీలు, కాగితాలు. ఆ రెంటి మధ్యలో కూర్చునేది ఈమె. తేడా ఏంటంటే, మన టికెట్ లేట్ అయితే వచ్చే రిలీజ్‌లో చూసుకోవచ్చు. ఇక్కడ పన్నెండో రోజు వస్తే అదే మనిషి, అదే నిజం, కానీ దారి చాలా కష్టమైపోతుంది.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది, కొడుకుని వెంటబెట్టుకుని. కౌలుకి రెండెకరాలు మిరప. మొక్క ఏపుగా పెరిగింది, కాయ మాత్రం రాలేదు. పక్క చేలో వేరే రకం వేసినవాళ్ళకి బాగానే కాసింది. విత్తనం తేడా అని ఈవిడ అనుమానం. షాపాయన అడిగితే "వాతావరణం పిన్నీ, మనమేం చేస్తాం" అన్నాడంట. "పొలం మాది కాదు కదమ్మా, మేం కేసు వేయొచ్చా?" ఇదీ ఆవిడ మొదటి ప్రశ్న.

వేయొచ్చు. విత్తనం కొన్నది ఎవరు అన్నదే ముఖ్యం, పొలం పట్టా ఎవరి పేరున ఉందన్నది కాదు. ఇంకో సంగతి, ఇలాంటి గొడవ మన తెలుగు రైతులే సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళి గెలిచారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి అని, 2012 జనవరిలో తీర్పు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాల మీద వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. కంపెనీ ఏమంది? విత్తనాలకి విత్తనాల చట్టం వేరే ఉంది కాబట్టి ఇక్కడికి రాకూడదంది. రైతు వినియోగదారుడే కాదంది. ల్యాబ్ పరీక్ష చేయించలేదు కాబట్టి రుజువు లేదంది. కోర్టు ఇవేవీ ఒప్పుకోలేదు. మూడోదానికి కోర్టు చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది: రైతు కొన్న విత్తనం మొత్తం చేలో చల్లేస్తాడు, రేపు కేసు వేయాల్సి వస్తుందని కొంచెం దాచుకుంటాడని ఎలా అనుకుంటారు? అదే లాట్ విత్తనం మీ దగ్గర ఉంటుంది కదా, పరీక్ష కావాలంటే మీరే అడగాల్సింది అని.

కాబట్టి దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, గుంటూరులో ఉంది. సమస్య పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ళ లోపు వేయాలి. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడుందో అక్కడికి పోనక్కర్లేదు. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు.

ఇంత బాగుందా? బాగుంది, బిల్లు ఉంటే. ఆవిడ దగ్గర ఉన్నది తెల్ల చీటీ. దాని మీద ఒక అంకె, ఒక గీత. షాపు పేరు లేదు, లాట్ నంబర్ లేదు. ప్యాకెట్లు కాల్చేశారు. అప్పుడు ఈ అమ్మాయి కొడుకు వైపు తిరిగింది. "తమ్ముడూ, విత్తనం తెచ్చిన రోజు ఏమన్నా ఫొటో తీశావా? స్టేటస్ పెట్టావా?"

పెట్టాడు! నారు పోస్తున్న ఫొటో. మూలన ప్యాకెట్. జూమ్ చేస్తే లాట్ నంబర్ సగం కనపడుతోంది. ఒరిజినల్ గ్యాలరీలో ఉంది. వెంటనే "నాకు వాట్సాప్ చెయ్యి" అంటుందనుకున్నా. అనలేదు. "డిలీట్ చేయకు, ఎడిట్ చేయకు, ఫోన్ మార్చకు" అంది.

ఇది ఎవరు నేర్పారో గానీ కరెక్ట్‌గా నేర్పారు. ఇది నా సబ్జెక్ట్ కాబట్టి కాస్త వివరంగా చెప్తా. 2024 జూలై 1 నుంచి మనకి పాత ఎవిడెన్స్ చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. దాంట్లో 63వ సెక్షన్ ప్రకారం ఫొటో, వీడియో, చాట్ లాంటివి కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ ఫారంలో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర అనుకోండి. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మొత్తం మారిపోద్ది. మీరు వాట్సాప్‌లో ఫొటోని మామూలుగా పంపితే అది సైజు తగ్గించి పంపుతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న సమాచారం కూడా ఊడిపోతుంది. అవతలకి చేరేది చూడ్డానికి అదే ఫొటో, కంప్యూటర్‌కి మాత్రం వేరే ఫైల్. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఒరిజినల్ ఫోన్‌లో ఉంచండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టంత పట్టుగా ఉండవు, నిజమే. అయినా మంచి కాపీ ఉన్నవాడి మాట గట్టిగా నిలబడుతుంది.

ఒక్క ఫొటోతో కేసు అయిపోదు. కాయ రాకపోవడానికి విత్తనమే కారణమని చెప్పేవాళ్ళు కావాలి. చేలో మొక్క ఉండగానే వ్యవసాయ, ఉద్యాన అధికారులకి రాసి ఇచ్చి, వాళ్ళు వచ్చి చూసి రిపోర్టు రాసేలా చేయాలి. గుంటూరు పక్కన లాంలో పరిశోధనా కేంద్రం ఉంది, శాస్త్రవేత్తలు ఉన్నారు. చేను పీకేసి పక్క పంట వేశాక ఎవరొచ్చినా ఏం చూస్తారు? ఆ రోజే ఆమె అర్జీ రాసింది, రెండు కాపీలు. ఒకటి ఇచ్చి రెండో దాని మీద తారీఖుతో ముద్ర వేయించుకుని రమ్మంది. "వేయకపోతే నాకు ఫోన్ చెయ్యి పిన్నీ, నేనొస్తా."

కౌలు సంగతి కూడా ఉందిగా. మిరప, పత్తి చేలల్లో ఎంతమంది కౌలుకి చేస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2011లో వీళ్ళకి రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల ఒప్పందంతో కార్డు. కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. ఆ చట్టంలోనే రాసుంది, యజమాని హక్కుకి ఏ ఇబ్బందీ లేదని. అది చదివి వినిపించేవాళ్ళు ఉండాలిగా. ఈవిడ పొలం ఆసామికి ఫోన్ చేసి అరగంట అదే పని చేసింది ఈ అమ్మాయి. ఆయన ఒప్పుకోలేదు. ఈ-పంట నమోదులో మాత్రం సాగుదారుగా ఆవిడ పేరు ఉందని తేలింది. అది కాపీ తీసి ఫైల్లో పెట్టింది. నాలుగేళ్ళ మీసేవా అనుభవం అక్కడ పనికొచ్చింది.

సరే, మీ ఊళ్ళో ఇలాంటి సంస్థ లేదు, అప్పుడెలా? ప్రభుత్వం వైపు నుంచి ఇదే పని చేసే ఏర్పాటు ఉంది. 1976లో రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేర్చారు, డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదని. న్యాయ సేవల చట్టం 1987లో చేశారు, అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. ఎనిమిదేళ్ళు! దాని కింద ఢిల్లీలో నల్సా, రాష్ట్రానికి ఒక సంస్థ, జిల్లాకి ఒకటి, కింద కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా కమిటీలు. సత్తెనపల్లి కోర్టు దగ్గర కూడా కమిటీ ఉంది. 2009 నుంచి నల్సా పారాలీగల్ వాలంటీర్లని తీసుకుంటోంది. లా డిగ్రీ అవసరం లేదు. టీచర్లు, అంగన్‌వాడీ వాళ్ళు, విద్యార్థులు ఎవరైనా శిక్షణ తీసుకుని చేరొచ్చు.

ఉచిత లాయరు ఎవరికి ఇస్తారన్నది చాలామందికి తెలీదు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ ఇస్తారు. అందరికీ అంటే అందరికీ. పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఫ్యాక్టరీ కార్మికులకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఇస్తారు. వరద, కరువు బాధితులు కూడా ఆ 12వ సెక్షన్‌లో ఉన్నారు. మిగతావాళ్ళకి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి చూస్తారు. మధ్యాహ్నం వచ్చినావిడకి ఈ లెక్కన ఏ సర్టిఫికెట్ లేకుండానే అర్హత ఉంది.

ఇదేదో కొత్త ప్రయోగం అనుకోకండి. మన రాష్ట్రంలోనే 2000ల మధ్యలో ఇందిర క్రాంతి పథం కింద సెర్ప్ వాళ్ళు పేదల భూమి సమస్యల కోసం పల్లె యువతకి శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా పెట్టారు. ఆఫ్రికాలో సియెర్రా లియోన్ అని చిన్న దేశం. లాయర్లలో ఎక్కువమంది రాజధాని ఫ్రీటౌన్‌లోనే ఉండేవాళ్ళు, పల్లెల్లో ఎవరూ లేరు. 2003లో అక్కడ తిమాప్ అనే సంస్థ పారాలీగల్స్‌తో మొదలైంది, 2012లో ఆ దేశం చట్టంలోనే పారాలీగల్స్‌ని గుర్తించింది. మనలో బీటెక్ చేసి "ఇదంతా మనకెందుకు" అనుకునేవాళ్ళ కోసం ఒక మాట: కె. బాలగోపాల్ గారు కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పినాయన. తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించారు, 2009లో చనిపోయేదాకా.

నచ్చని విషయాలు కూడా చెప్పాలి. ప్రభుత్వ వాలంటీర్లకి ఇచ్చేది జీతం కాదు, పనిచేసిన రోజుకి గౌరవ భత్యం. దాంతో ఇల్లు గడవదు. సంస్థల్లో జీతం ఉంటుంది గానీ ప్రాజెక్టు డబ్బులు ఉన్నన్నాళ్ళే. ఈ అమ్మాయికి వచ్చేది మీసేవాలో వచ్చినదానికంటే కాస్త ఎక్కువ, అంతే. రెండేళ్ళు నేర్చుకుని, ఊళ్ళన్నీ పరిచయమయ్యాక, వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతే తప్పు ఆమెది అంటానా? అనను.

రెండోది ఇంకా ముఖ్యం. పల్లెల్లో మనకి పెద్దమనుషుల పంచాయితీ అలవాటు. నాలుగు సెక్షన్లు నేర్చుకున్న పారాలీగల్ ఇంకో పెద్దమనిషి అయిపోయే ప్రమాదం ఉంది, "సర్దుకుపోండి" అని రాజీలు చేస్తూ. దీని గురించి అడిగితే ఆమె గోడ మీద కాగితం చూపించింది, ఆఫీసులో అందరూ పాటించాల్సినవి. డబ్బు తీసుకోకూడదు. ఖాళీ కాగితం మీద ఎవరి సంతకమూ తీసుకోకూడదు. మొగుడు కొట్టాడని వచ్చినావిడకి రాజీ మాట ఎత్తకూడదు, 2005 గృహహింస చట్టం కింద ఆవిడకి ఏమేం అడిగే హక్కుందో చెప్పి రక్షణ అధికారి దగ్గరికి తోడు వెళ్ళాలి. తెలీనిది తెలీదని చెప్పాలి. చివరిది ఆమె రోజుకి పదిసార్లు చేసింది: "ఇది నాకు తెలీదు, లాయరుగారిని అడిగి రేపు పదింటికి ఫోన్ చేస్తా." పదింటికి చేస్తుందా అని పెద్దాయన్ని తర్వాత అడిగా. పది కాకముందే చేసిందంట.

మీకెవరికైనా అవసరం పడితే నంబర్ రాసుకోండి: 15100, నల్సా హెల్ప్‌లైన్. కోర్టు దగ్గర కమిటీకి నేరుగా వెళ్ళినా తెల్ల కాగితం మీద అర్జీ రాసి ఇవ్వొచ్చు, రాయడం రాకపోతే అక్కడివాళ్ళే రాసుకుంటారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ పట్టుకెళ్ళండి, పనికిరానివని మీరే తీసేయకండి, కోర్టు కవరు ఉంటే దాన్ని కూడా, దాని మీద తారీఖు ఉంటుంది. అమ్మమ్మలు తాతయ్యలు ఉన్న ఇళ్ళల్లో అయితే దేవుడి పటం వెనక కూడా ఒకసారి చూడండి.

విత్తనం సీజన్ వస్తోంది కాబట్టి వచ్చే ఎపిసోడ్‌లో బిల్లు మీద ఏమేం ఉండాలో ఒక అసలు బిల్లు పెట్టుకుని చూద్దాం. ఉంటానండి.